అత్తగారి కారుకి ఐదో గేరు

అల్లుడు మెకానిక్ అయినందుకు అత్తగారికి ఒరిగిందేమిటని బంధువులు అప్పుడప్పుడూ ఎత్తిపొడిచేవారు. ఆ ఆదివారం దాకా అల్లుడి దగ్గర కూడా దానికి సరైన జవాబు లేదు.

అత్తగారిది కుట్టుపని. మెట్లెక్కలేని ముసలివాళ్ల ఇళ్లకీ, మంచం దిగలేనివాళ్ల ఇళ్లకీ తన నాలుగు గేర్ల పాత కారులో తనే వెళ్లి, కొలతలు తీసుకుని, బట్టలు కుట్టి, మళ్లీ తనే ఇచ్చి వచ్చేది. పోయిన నెల ఆ కారు గేర్‌బాక్సు పళ్లన్నీ రాలగొట్టుకుని కూర్చుంది. అంత పాత మోడల్‌కి సామాను ఎక్కడ దొరుకుతుంది? కొడుకు ఇదే అదననుకుని పాత ఇనుము వ్యాపారితో మాట్లాడేశాడు.

"ఆదివారం నాలుగింటికల్లా అది తన చక్రాల మీద నడిస్తే నీది, లేకపోతే ఆయనది. ఈ వయసులో కారేమిటమ్మా, హాయిగా ఇంట్లో కూర్చో," అన్నాడు. ఆవిడ సరేనంది. అని, వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్లీ దడదడమంటూ కడిగింది.

ఆ చప్పుడు అల్లుడి చెవినపడింది. ఈవిణ్ణి ఇంట్లో కూర్చోబెడితే ఆర్నెల్లు తిరక్కుండా మంచం పడుతుందని అతనికి భయం పట్టుకుంది. తెల్లారి వెళ్లి, అదే కారు తర్వాతి మోడల్‌లోది, ఐదు గేర్ల బాక్సు ఒకటి వెతికి పట్టుకొచ్చాడు.

అసలు తతంగం అప్పుడు మొదలైంది. కొత్త బాక్సు పాతదానికంటే జానెడు పొడుగు. కింద దాన్ని మోసే ఇనుప పట్టీ వెనక్కి జరపాల్సి వచ్చింది. గేరు కర్ర ఇంకోచోట పైకి రావడంతో నేలరేకు కోయాల్సి వచ్చింది. ఇక మిగిలింది, గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాల దాకా పోయే పొడుగాటి షాఫ్టు. దాన్ని కురచ చేయించాలి. అక్కడే మనవాడు పప్పులో కాలేశాడు.

అతనికి టేపంటే చిన్నచూపు. పని నేర్పిన గురువు తాడుకి ముడివేసి కొలిచేవాడట, ఇతనూ అంతే. కారుని జాకీల మీద ఎత్తి, కిందికి దూరి, తాడు పట్టి, ముడి వేసి, పక్కనున్న లేతు షాపులో షాఫ్టు కోయించుకొచ్చాడు. చక్కగా బిగుసుకుంది. ఆదివారం పదకొండింటికి ఈల వేసుకుంటూ జాకీలు దించాడు. దించగానే కిందనుంచి టక్కుమంది. షాఫ్టు ముందుకి జరిగి గేర్‌బాక్సుని కుమ్మేసింది. ఎంత తోసినా కారు కదిలితే ఒట్టు.

ఎత్తాడు, షాఫ్టు హాయిగా తిరిగింది. దించాడు, పట్టేసింది. మూడుసార్లు ఇదే వరస. నాలుగోసారికి ఈల ఆగిపోయింది. తాడు తీసి చూస్తే ముడి వేసినచోటే ఉంది.

అప్పుడొచ్చింది అత్తగారు, మెడలో టేపుతో. ఆ టేపు కన్నకూతుర్ని కూడా ముట్టుకోనివ్వదు, సాగిపోతుందని.

"ఏమైంది అల్లుడుగారూ, ముఖం అలా వేలాడేశారు?"

"కొలత సరిగ్గానే ఉంది అత్తయ్యా. ఎత్తితే సరిపోతోంది, దించితే పట్టేస్తోంది."

"ఎత్తితే ఏమవుతుంది దానికి?"

"ఏముంది, వెనక చక్రాలు కిందికి వేలాడి, కాస్త వెనక్కి పోతాయి..." అని అతను సగంలో ఆగిపోయాడు.

"అలా వేలాడుతున్నప్పుడే కొలిచారా?"

అతను తల గోక్కున్నాడు.

"బాగుంది. పడుకున్నవాడికి కొలిచి కోటు కుడితే, లేచి నిలబడగానే చంకల్లో పట్టేస్తుంది. మంచంలో ఉన్నవాళ్లనైనా ఒకసారి లేపి కూర్చోబెట్టాకే నేను టేపు తీస్తాను."

అల్లుడికి సిగ్గేసింది, నవ్వూ ఆగలేదు. షాఫ్టు విప్పేసి, కారుని తన షెడ్డులో, కింద నిలబడి పని చేసుకునే గొయ్యి మీదికి తోసి, నాలుగు చక్రాల మీదా నిలబెట్టాడు. మళ్లీ తాడు అందుకోబోతే ఆవిడ "దాన్ని అవతల పారెయ్యండి," అని గొయ్యిలోకి తనే దిగింది. టేపు ఇంకొకరి చేతికివ్వదు కదా. నూనె మరకల మధ్య నిలబడి రెండుసార్లు కొలిచింది.

"ముప్పావు అంగుళం తగ్గించండి. మెసలడానికి ఇంకో అర. కోటుకైనా కాస్త వదులుండాలి."

ఆదివారం కునుకు తీస్తున్న లేతు షాపాయన్ని వెళ్లి లేపారు. షాఫ్టు తిరిగొచ్చేసరికి మూడు, బిగించేసరికి మూడూ ముప్పావు. ఈసారి తోస్తే కారు చప్పుడు లేకుండా కదిలింది.

ఆవిడే స్టీరింగు పట్టింది. అల్లుడు పక్కన కూర్చున్నాడు. సందు దాటి పెద్ద రోడ్డెక్కారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నలభై ఏళ్ల అలవాటు, చెయ్యి అక్కడితో ఆగిపోయింది. ఇంజిన్ గోల పెడుతోంది.

"ఇంకోటుంది అత్తయ్యా. కుడికి జరిపి పైకి."

"ఉండండి, ఈ టేపు అడ్డమొస్తోంది," అంటూ ఆవిడ మెడలోది తీసి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అతని మెడలో వేసింది. అల్లుడు ఊపిరి బిగబట్టి, అది సాగకుండా రెండు చివర్లూ మెల్లిగా పట్టుకున్నాడు. ఆవిడ ఐదో గేరు వేసింది. గోల తగ్గిపోయింది.

"ఇన్నేళ్లూ ఆ అరుపే దీని గొంతనుకున్నాను," అంది సంతోషంగా.

ఫోను మోగింది. బావమరిది. "నాలుగైంది బావా, పాత ఇనుము ఆయన వచ్చి కూర్చున్నాడు. అమ్మేదీ, కారేదీ?"

అల్లుడు ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టాడు.

"కూర్చోనీరా," అందావిడ. "వచ్చాక నిలబెట్టి కోటుకి కొలత తీసుకుంటాను."

ఇంటి మలుపు వచ్చింది. ఆవిడ తిప్పలేదు, తిన్నగా ముందుకే పోనిచ్చింది.