పుట్టింటి పిడికిళ్ళు

మొగుడి మురికిబట్టలు నానబెడుతూ హైమవతి పెట్టె అడుగున చెప్పుల మూట చూసింది. విప్పబోయి ఆగిపోయింది. చెప్పులకు చుట్టిన ఆ గుడ్డ తన తల్లి పాతచీర ముక్క. అతని ప్రయాణం రోజున దాన్లోనే పసుపు కలిపిన బియ్యం కట్టి తనే అతని చేతికిచ్చింది.

"దీన్లో బియ్యం ఏవండీ?"

కృష్ణప్రసాద్ పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని, మలయా నుంచి తెచ్చుకున్న గడియారాన్ని మణికట్టు మీద తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. "చెబుతాగాని, ముందు కాఫీ ఇవ్వు. రైల్లో ఆ కుడితినీళ్ళు తాగలేక చచ్చాను."

హైమవతి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

అప్పలనరసమ్మ పెద్దమ్మను తను ఎన్నడూ చూడలేదు. అమ్మకి అక్క. ఊహ తెలిసీ తెలియని వయసులో పెళ్ళి చేసి, మొగుడి వెంట మలయా రబ్బరుతోటకి ఓడెక్కించారు. మళ్ళీ ఆవిడ శ్రీకాకుళం దగ్గరి ఆ పల్లె మొహం చూడలేదు. కొత్తబియ్యం దంచినప్పుడల్లా అమ్మ "మా అక్క ఒడి ఖాళీగా ఉండిపోయిందే" అని కళ్ళొత్తుకునేది. పుట్టింటి ఆడవాళ్ళు ఆడపిల్ల ఒళ్ళో పసుపుబియ్యం పోస్తారు. ఆమె అందులోంచి కొన్ని పిడికిళ్ళు తిరిగి పుట్టింటికి ఇస్తుంది, ఆ ఇల్లు వట్టిపోకూడదని. అమ్మ పోయింది. అన్నదమ్ములు లేరు. పెద్దమ్మకి పుట్టిల్లంటూ మిగిలింది హైమవతి. హైమవతికి పుట్టిల్లంటూ మిగిలింది పెద్దమ్మ.

నిరుడు పెద్దమ్మ కొడుకు ఎలాగో ఆచూకీ తీశాడు. మా అమ్మకి చూపు ఆనడం లేదు, చెల్లెలి కూతురు ఒక్కసారి వచ్చి వెళితే చాలు, మద్రాసు నుంచి ఓడ టిక్కెట్టు పంపుతానని కబురు పెట్టాడు.

"ఆడదానివి, ఒంటరిగా ఓడలోనా? నేను వెళితే ఏం, నువ్వు వెళితే ఏం? ఇద్దరం ఒకటేగా" అన్నాడు కృష్ణప్రసాద్.

"నువ్వు పోతే నా మోకాళ్ళకి కాపడం ఎవరు పెడతారే?" అంది అత్తగారు కోటేశ్వరమ్మ.

హైమవతి తలూపింది. చేగోడీలు వండింది. చొక్కాలు ఇస్త్రీ చేసింది. ఇంటావిడ లక్ష్మీకాంతమ్మ తమ కొట్లోంచి పసుపు తెచ్చిచ్చి, "మంచిగ కలుపు బిడ్డా. గని మొగోడు పోస్తడా ఒడిబియ్యం? గిదేం లొల్లి!" అని లాల్‌దర్వాజా సందంతా వినబడేట్టు నవ్వింది. ఆ నవ్వు గుచ్చుకునే, "అక్కడ ఎవరైనా ముత్తైదువ చేత పోయించండి" అని మొగుడికి పదే పదే చెప్పింది. "సరేలే" అన్నాడు.

ఇప్పుడు కాఫీ గ్లాసు అందుకుని అతనే మొదలుపెట్టాడు. "మీ పెద్దమ్మ భలే మనిషిలే. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, నువ్వే వచ్చావనుకుని కొంగు పట్టి నిలబడింది. 'వచ్చావా తల్లీ' అంటూ నా చెయ్యి తడిమింది. గాజులు తగల్లేదు. టక్కున వదిలేసింది."

అత్తగారు కిసుక్కున నవ్వింది.

"బియ్యం ఎవరు పోశారండీ?"

"నువ్వు చెప్పింది మర్చిపోయాను. మూట బల్లమీద పెట్టేశాను. కాసేపటికి ఆవిడే తడుముకుంటూ వచ్చి విప్పుకుని, తన ఒళ్ళో తనే దోసిళ్ళతో పోసుకుంది. అందరం చూస్తూనే ఉన్నాం. నాకు నవ్వాగితే ఒట్టు."

"తిరిగి ఇవ్వలేదూ?"

"ఇచ్చింది. పిడికిళ్ళతో ఇదే గుడ్డలో పోసి, 'మా పుట్టింట్లో పొయ్యాలి నాయనా' అంది. మలయా వెళ్ళి బియ్యం మోసుకొస్తారుటే ఎవరైనా? ఓడ కదలగానే చేపలకి పోసేశాను. పుణ్యమేగా."

హైమవతికి ఏడుపు రాలేదు. గుడ్డ మాత్రం విడిగా తీసుకుని, చెప్పుల మట్టి పోయేదాకా ఉతికింది. ఉతుకుతున్నంతసేపూ ముసలి దోసిళ్ళు కళ్ళముందు కదులుతూనే ఉన్నాయి. తన ఒళ్ళో తానే పోసుకుంటూ ఆవిడ ఏమనుకుని ఉంటుంది? ఇచ్చిన పిడికిళ్ళు ఇల్లు చేరాయని ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది. కళ్ళు కనబడని మనిషికి చెయ్యి ముట్టుకోగానే తెలిసిపోయింది, వచ్చింది తన చెల్లెలి కూతురు కాదని. కళ్ళున్న తను మాత్రం 'ఇద్దరం ఒకటేగా' అంటే తలూపింది. అలా తలూపినందుకే పెద్దమ్మ అందరి ముందూ నవ్వులపాలైంది.

"ఎసట్లో బియ్యం పోశావా?" అత్తగారు కేకేసింది.

పలచటి గుడ్డ ఎండకి అప్పుడే ఆరిపోయింది. హైమవతి దాన్ని పొయ్యి పక్కన పరిచి, ఎసట్లో పోయాల్సిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేసింది.

"ఎవరికది?" గుమ్మంలోంచి అడిగాడు కృష్ణప్రసాద్.

"పెద్దమ్మకి. ఈసారి నేను వెళతాను."

"వాళ్ళేమైనా మళ్ళీ టిక్కెట్టు పంపుతారనుకున్నావా?"

హైమవతి తన చేతులకున్న, అమ్మ పెట్టిన బంగారుగాజుల జత తీసి, "టిక్కెట్టుకి ఇవి" అంటూ బియ్యం మీద పెట్టింది. చేతుల నిండా మట్టిగాజులు మిగిలాయి.

"మట్టివే చాలండీ," అంది, "పెద్దమ్మ తడిమితే నేనేనని తెలియడానికి."