తడిసి వచ్చే నాడె

ఉప్పాడ చీర ఒక్కరి చేతి పని కాదు. మగ్గం గుంటలోకి కాళ్లు వేలాడేసుకుని, ఒకే పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎడమవైపు వాళ్లు పేక పోగున్న నాడె విసిరితే కుడివైపు వాళ్లు అందుకుని తిప్పి పంపాలి. ఎవరి సగంలో బుటాలు వాళ్లే ఎక్కించుకోవాలి. అందుకే ఆ ఊళ్లో మొగుడూ పెళ్లాలు రాత్రి ఎంత పోట్లాడుకున్నా, పొద్దెక్కేసరికి భుజానికి భుజం తగిలించుకుని కూర్చోక తప్పదు.

లోవమ్మది ఎడమవైపు. కుడివైపు ఆమె భర్త అబ్బులుది. తొంభై ఆరు తుఫానులో స్నేహితుడి పడవని తాళ్లేసి కట్టడానికని ఒడ్డుకి వెళ్లాడు అబ్బులు. తరవాత పడవ దొరికింది, తాడు దొరికింది, మనిషి దొరకలేదు.

చీర పూర్తయినప్పుడు నేతగాళ్లు పడుగుని మొదలంటా కోసెయ్యరు. జానెడు పోగులు మగ్గానికే వదిలేస్తారు. కొత్త పడుగుని ఆ కొసలకే పోగుకు పోగు అతుకుతారు. మొదలంటా కోసేది ఒక్క సందర్భంలోనే, ఆ మగ్గం మీద నేసిన మనిషి పోయినప్పుడు. తుఫాను వెలిశాక అత్తగారు కత్తెర తెచ్చి చేతిలో పెట్టింది. లోవమ్మ దాన్ని చూరులో దోపేసింది. మర్నాడు పలక ఎక్కి, అలవాటు కొద్దీ నాడె కుడివైపుకి విసిరింది.

నాడె తిరిగొచ్చింది. తడిసి వచ్చింది. కొంగుతో తుడుచుకుని మళ్లీ విసిరింది.

అప్పట్నుంచీ అంతే. కుడి సగంలో బుటాలు అబ్బులు వేసినట్టే, హంస ముక్కు ఓ పిసరు పైకెత్తి, వరసగా పడుతుండేవి. చీరలు కొనే విశ్వనాథ్‌గారు బట్టని ముక్కు దగ్గర పెట్టుకుని, "అబ్బులు సగం ఉప్పు వాసనేస్తోందమ్మా. ఇంకోసారి మంచినీళ్లలో జాడించి ఇయ్యి" అనేవారు. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు.

ఊరు మాట్లాడుకున్నదల్లా సముద్రం గురించే. అది ముందు బడిని తినేసింది. తరవాత బడి వెనక వీధిని. ఇప్పుడు లోవమ్మ పెరటి గోడకి చేయి దూరేంత బీట పెట్టింది. మగ్గం గుంటలో ఉప్పునీరు ఊరుతోంది. ఊరిన నీరంతా కుడి సగంలోనే నిలిచేది. ఆమె పాదాల కింద మట్టి పొడిగానే ఉండేది.

రామచంద్రపురం నుంచి తమ్ముడు అప్పాజీ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"అక్కా, అమావాస్య పోటుకి ఈ గోడ ఆగదు. ఈలోగా వ్యాన్ తెస్తాను. మారు మాట్లాడకు."

"మగ్గం చెక్కలైతే ఎక్కిస్తావు. గుంటనెలా ఎక్కిస్తావురా?"

"గుంటెందుకే నీకు?"

"మీ బావ కూర్చునేది అక్కడేగా."

అప్పాజీ వ్యాన్ మాట్లాడ్డానికి వెళ్లిపోయాడు. ఉంటే గోడ మీద పడుతుంది. వెళ్తే ఆయన ఎక్కడ కూర్చుంటాడు? లోవమ్మ ఈ రెంటి మధ్యా నలుగుతూ, నేస్తూనే ఉంది.

మధ్యాహ్నాలు ఆమె ఇంట్లో ఇద్దరు చేరేవారు. రాట్నం ముందేసుకుని కండెలు చుట్టే పాపాయి, మగ్గాలు బాగుచేసే వడ్రంగి అబ్రహాము. ముగ్గురూ ఎనిమిదో తరగతిలో ఒక్క బెంచీ వరసే. అప్పుడు వాళ్లకో పాఠం ఉండేది, దెయ్యం కథ. ఒకాయన తమ్ముడు గోదాట్లో పడిపోతాడు. ఆ మర్నాటి నుంచి రోజూ రాత్రి తలుపు చప్పుడవుతుంది. "అన్నయ్యా, తలుపు తియ్యి" అని పిలుపు. అన్న వణుకుతూ దుప్పటి ముసుగెయ్యడమే గానీ లేవడు. చివరికొక రాత్రి లేచి గడియ తీస్తాడు. ఎదురుగా ఎవరూ ఉండరు. తెల్లారి చూస్తే గడప మీద తడి అడుగులు, లోపల్నుంచి బయటికి. కథ అక్కడితో సరి.

అర్థం చెప్పమంటే భాస్కరం మాస్టారు నవ్వి, "నేను చెబితే అది నా కథవుతుందర్రా. మీరు తేల్చుకోండి" అనేవారు. మాస్టారు పోయారు, బడీ పోయింది. వీళ్లింకా తేల్చుకోలేదు.

"అవి తమ్ముడి అడుగులే," అంది పాపాయి ఆ రోజు రాట్నం తిప్పుతూ. "పాపం, గోదాట్లోంచి ఇంటికి రావాలని ఎంత తపించాడో! మొదటి రాత్రే తలుపు తీసి ఇంత అన్నం పెట్టుంటే ఉండిపోయేవాడు."

"వచ్చినవాడి అడుగులు లోపలికి ఉండాలి కదే బాబూ. బయటికెందుకున్నాయి?" అన్నాడు అబ్రహాము. చిత్రిక పట్టిన పొట్టు ఒళ్లోంచి దులుపుకుని, "ఏ దెయ్యమూ లేదు. అవి అన్నవే. దిగులుతో నిద్దట్లో లేచి రేవుకి నడిచేవాడు. ఇంకొన్నాళ్లు ఆ ఇంట్లోనే ఉంటే తనూ గోదాట్లో పడేవాడు. ఇల్లు మారుండాల్సింది" అన్నాడు.

"ఇదే రాసి నూటికి పద్దెనిమిది తెచ్చుకున్నావు. మర్చిపోయావా?"

"నువ్వు ముప్ఫై ఆరు తెచ్చుకుని కలెక్టరువయ్యావులే. చుట్టు కండెలు!"

లోవమ్మ నవ్వలేదు. వాళ్లు మాట్లాడుతున్నది కథ గురించి కాదని ఆమెకి తెలుసు. పాపాయి ఉండమంటోంది. అబ్రహాము వెళ్లమంటున్నాడు. ఆ మాట మొహం మీద అనలేక ఇద్దరూ ఆ అన్నదమ్ముల్ని అడ్డం పెట్టుకున్నారు.

"నువ్వేం రాశావే, లోవా?" అంది పాపాయి.

"ఏమీ రాయలేదు. కాగితం తెల్లగా ఇచ్చేశాను. భయమేసింది." నాడె విసిరింది. అది తడిసి తిరిగొచ్చింది. దాన్ని కొంగుతో తుడుచుకుంది. "పాపాయీ, తలుపు బయట్నుంచి కొట్టాడని ఉందా పాఠంలో?"

పాపాయికి పాఠం కంఠతా వచ్చు. కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. "'తలుపు చప్పుడైంది. అన్నయ్యా తలుపు తియ్యి అని వినిపించింది.' అంతే. బయట్నుంచని... లేదే!"

"గడియ ఏ పక్కనుంటుంది, అబ్రహాం అన్నయ్యా?"

"లోపలే. తలుపులు చేసేవాణ్ని నన్నడుగుతావేంటమ్మా?"

"మరి లోపలున్నవాడు తనే తీసుకుని పోలేడా?"

"బతికున్న చేయైతే తీస్తుంది," అని, అన్న మాటకి తనే ఉలిక్కిపడ్డాడు అబ్రహాము.

లోవమ్మ గొంతు మామూలుగానే ఉంది. "తమ్ముడు బయట లేడు. పోయిన రోజు నుంచీ లోపలే ఉన్నాడు. అన్న గడియ వేసుకుంటే లోపల చిక్కుపడిపోయాడు. లోపలికి రానివ్వమని కాదు కొట్టింది. వెళ్లనివ్వమని."

అంటూనే నాడె విసిరింది.

అది తిరిగి రాలేదు.

పాపాయి రాట్నం ఆపేసింది. వెనక సముద్రం గోడని తడుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. అబ్రహాము ఉలి సంచిలో పెట్టుకుని లేచాడు. "మాస్టారుంటే దీనికెన్ని మార్కులేసేవారో" అన్నాడు. వాళ్లు వెళ్లిపోయిన చాలాసేపటికి నాడె నెమ్మదిగా, బరువుగా, నీళ్లోడుతూ వచ్చి ఆమె చేతిని తాకింది.

 ఆ చీర పనిని లోవమ్మ సాగదీయాలని చూసింది. బుటాలు విప్పి మళ్లీ వేసింది. కుడి సగం మాత్రం ఆగలేదు. ఎప్పుడూ లేనంత వేగంగా, శ్రద్ధగా పడుతూ, ఆమె సగం కోసం కాచుకుని కూర్చుంది. అంత తొందరగా ఉందా నీకు అని అడుగుదామనుకుంది. అడగక, ఇంకో బుటా విప్పింది.

అమావాస్య ముందు రోజు పొద్దున చీర కొంగు ముగిసింది. అప్పాజీ వ్యాన్ వీధి మొదట్లో హారన్ కొడుతోంది. లోవమ్మ చూరులోంచి కత్తెర తీసింది. తుప్పు తుడిచింది. ఎన్నోసార్లు పోగుల దాకా తెచ్చి, చేయి రాక వెనక్కి తీసుకుంది. చివరికి దాన్ని బట్ట మీద పెట్టి, నాడెని పంపినట్టే, కుడివైపుకి తోసింది.

"నా వల్ల కాదు," అంది. "నువ్వే కోసుకో. గడియ తీశాను."

కత్తెర లేచింది. అప్పాజీ గుమ్మంలో చెప్పులు విడుస్తూ అది చూసి, కోసేదాకా ఆగాడు. కుడి కొస నుంచి మొదలై, పోగులు మొదలంటా తెగుతూ వచ్చాయి. సరిగ్గా నడిమధ్యకి వచ్చాక కత్తెర ఆగింది. అక్కణ్నుంచి జానెడు వెనక్కి జరిగి, ఆమె సగంలో కొసలు వదిలి, మిగతాది కోసింది. చీర విడివడి ఆమె ఒళ్లో పడింది. గుంటలో కుడి సగాన ఉన్న నీరు ఒక్క గుటకలో ఇంకిపోయింది. తడి మట్టి మీద అడుగులు, గుంటలోంచి పెరటి వైపుకి. లోవమ్మ వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచి, మగ్గం చెక్కలతో పాటు వ్యానెక్కింది.

మర్నాడు పోటుకి ఇల్లు పోయింది. ఆ సంగతి చెప్పడానికి పాపాయి, అబ్రహాము రామచంద్రపురం వచ్చారు. చుట్టూ వరి చేలు, ఎక్కడా మగ్గం చప్పుడు లేదు. అప్పాజీ ఇంటి పెరట్లో అబ్రహాము పార పట్టుకుని నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, గుంట ఎంత వెడల్పు తవ్వను?"

లోవమ్మ మగ్గం చెక్కలకి వేలాడుతున్న తన సగం కొసల్ని పరిచి చూపించింది. "ఇంతే."

ఆ వెడల్పున చీర రాదు. తువ్వాలు వస్తుంది. తువ్వాలు ఒక్కరే నేస్తారు. అబ్రహాము ఒక్క మనిషి పట్టేంత తవ్వాడు. పాపాయి కొసలకి తెల్ల పడుగు అతికింది. ఆ ముగ్గురి మధ్యా ఆ కథ మాట మళ్లీ రాలేదు.

లోవమ్మ పలక మీద నడిమధ్య కూర్చోబోయి, కాసేపు ఎడమకే జరిగి ఉండి, మళ్లీ మధ్యకి వచ్చింది. నాడె కుడివైపుకి విసరబోతే విసరడానికి జాగా లేదు. ఎడమ చేత్తో పంపి కుడి చేత్తో తనే అందుకుంది. అందుకోగానే, అలవాటు కొద్దీ, కొంగుతో తుడిచింది.

కొంగు తడవలేదు.