బోసన్ పక్కన నిలబడ్డవాడు

వెక్స్‌కూంబ్ దొరగారి వేటగుర్రం బోసన్ బొమ్మ వేయడానికి లండన్ నుంచి పెన్నక్ అనే చిత్రకారుడు దిగాడని వినగానే, గుర్రపువాడు ఏమస్ నున్నగా గడ్డం గీసుకున్నాడు. గుర్రం బొమ్మ అంటే పక్కన కళ్లెం పట్టుకున్న గుర్రపువాడు కూడా ఉండాల్సిందే. పొరుగు దొర హాల్లో ఆ ఇంటి గుర్రపువాడు, ఒట్టి తాగుబోతు వెధవ, బంగారు చట్రంలోంచి ఇకిలిస్తున్నాడు. తొమ్మిదేళ్లుగా బోసన్‌ను కన్నబిడ్డలా సాకుతున్న తనకు ఆ పాటి యోగం లేదా? భార్య డోర్కస్ అప్పుడే ఊరంతా చాటేసింది.

దొరగారు వస్తూనే, "నువ్వు తప్పుకోరా. నా గుర్రం పక్కన నేనే నిలబడతా," అన్నారు.

ఏమస్‌కు ప్రాణం ఉసూరుమంది. కానీ బోసన్ ఒప్పుకోవద్దూ? దొరగారు కళ్లెం పట్టుకోగానే చెవులు వెనక్కి వాల్చి, ఆయన టోపీ లాక్కుని నమిలింది. మర్నాడు భుజం కొరికింది. వీపు మీద మోస్తుందిగాని, ఎదురుగా ఆ మొహం దానికి గిట్టదు.

పెన్నక్ తల పట్టుకున్నాడు. "చెవులు నిక్కబొడుచుకోకపోతే గాడిదలా ఉంటుందండీ. మీ ముఖం లోపల గదిలో వేసుకుంటాను. ఆ కోటు ఇతనికి తొడగండి."

అలా ఏమస్ దొరగారి ఎర్రకోటు, బూట్లు వేసుకుని పదకొండు రోజులు నిలబడ్డాడు. మెడ మీద తన తల ఉండదని తెలిసి కూడా, పొట్ట లోపలికి పీల్చి మరీ నిలబడ్డాడు. ఇంట్లో ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం చాలలేదు.

కోతల విందు రోజు ఊరివాళ్లందరినీ హాల్లోకి పిలిచి దొరగారు తెర లాగారు. గుర్రం అద్భుతంగా ఉంది. పక్కన దొరగారి ముఖం, దాని కింద ఊరందరికీ తెలిసిన ఏమస్ దొడ్డికాళ్లు. పెన్నక్ చూసింది చూసినట్టు వేసే మనిషి.

"అచ్చు గుద్దినట్టు మీరేనండీ!" అన్నారు కౌలుదార్లు, నవ్వు బిగబట్టుకుని.

డోర్కస్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏమస్ హడలిపోయి, "ఊరుకోవే, తల ఒక్కటేగా పోయింది," అని గొణిగాడు.

"తలదేముందయ్యా! గుర్రం ఎవర్ని చూస్తోందో చూడు. ఆయన్ని ఏనాడైనా అలా చూసిందా?"

ఏమస్ తలెత్తాడు. బోసన్ చెవులు నిక్కబొడుచుకుని, మెడ వంచి, ముద్దుగా చూస్తోంది.

"చూశారా, నేనంటే దానికెంత ప్రాణమో!" అని దొరగారు పొంగిపోయారు.

ఏమస్‌కు మొదటిసారి ఆయన మీద జాలేసింది.