పద్నాలుగు కుర్చీలు

ప్రెస్సులో ఆమెను అందరూ మెషీనక్క అనేవారు. పద్దెనిమిదేళ్లుగా పాఠ్యపుస్తకాలు అచ్చేసే పెద్ద యంత్రం పక్కనే నిలబడి, దాని చప్పుడును బట్టి దాని జబ్బు చెప్పేది. రోలరు ఎండిపోతోంది అందంటే ఎండిపోతున్నట్టే. మెకానిక్కు సగం యంత్రం విప్పి చూశాక, ఆమె మొదట్లోనే చెప్పిన మాట నిజమని ఒప్పుకునేవాడు.

అలాంటి మనిషికి ఒకరోజు ఎడమ చెవిలో మోత మొదలైంది. యంత్రం ఆగినా అది ఆగలేదు. సన్నగా, ఒకే తీరున, తెంపు లేకుండా వినబడుతూనే ఉంది. ఇంట్లో ఫ్రిజ్ అనుకుని ఫ్రిజ్ కట్టేసింది. పక్కింటి మోటారేమో అనుకుని వెళ్లి అడిగితే, వాళ్ల మోటారు కాలిపోయి వారమైందన్నారు. ఆ మోత తన లోపలే ఉందని అప్పుడు తెలిసింది.

చెవుల డాక్టరు పరీక్షలు చేసి ఉన్నమాట చెప్పింది. "ఏళ్ల తరబడి ఆ చప్పుడులో నిలబడ్డారు కదమ్మా, లోపల నరం దెబ్బతింది. పెద్ద చప్పుళ్లకు దూరంగా ఉండండి. ఈ మోత పోవడానికి మందంటూ లేదు. ఒకటే చెప్తాను, దాంతో కొట్లాడకండి. కొట్లాడేకొద్దీ పెరుగుతుంది."

"కొట్లాడక ఏం చెయ్యమంటారు?"

"చేతులకి ఏదైనా పని చెప్పండి. మనసు చేతుల వెనకాల పోతుంది."

ఆమెకు ఆ మాట నచ్చలేదు. చేతులకు పని లేనిదెప్పుడు గనక? డాక్టరు రాసిచ్చిన కాగితం చూసి మేనేజరు ఆమెను కాగితం గోడౌనుకు మార్చాడు. అక్కడి నిశ్శబ్దంలో మోత ఇంకా బాగా వినబడేది. ఇంటికొచ్చి అయినదానికీ కానిదానికీ చిర్రుబుర్రులాడేది. భర్త సిటీబస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య నలిగి వచ్చి, ఇంట్లోనూ అదే వరసా అనుకుని కంచం ముందేసుకునేవాడు.

అత్తగారు మాత్రం ఊరుకునే మనిషి కాదు. "చెవిలో జోరీగ అని ఊరికే అంటారనుకున్నా. నీ చెవిలో నిజంగానే కాపురం పెట్టింది," అంది ఓ సాయంత్రం.

"మీకు నవ్వులాటగా ఉంది అత్తయ్యా."

"నవ్వక ఏడవనా? ఇద్దరం ఏడిస్తే కూర ఎవరు తరుగుతారు?"

అన్నిటికన్నా ఆమెను బాధపెట్టింది ఆదివారాలు. గ్రంథాలయం వెనక హాల్లో ప్రతి ఆదివారం పొద్దున కచేరీ జరిగేది. పెద్ద విద్వాంసులెవరూ కాదు. ఆస్పత్రిలో పనిచేసే ఒక నర్సు ఫిడేలు, ఒక పోస్ట్‌మాన్ డోలు, తోడుగా ఎవరు వస్తే వాళ్లు. వారమంతా ఆ గంటన్నర కోసమే ఎదురుచూసేది ఆమె. మోత వచ్చాక ఒక్కసారి వెళ్లింది. డోలు అందుకోగానే చెవిలో గోల రెట్టింపై, పాట మధ్యలో లేచి వచ్చేసింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఈలోగా అత్తగారి పేము కుర్చీ అడుగు తెగింది. దాన్ని తలమీద పెట్టుకుని మెషీనక్క కుర్చీల తాత కొట్టుకు వెళ్లింది. ఆ చుట్టుపక్కల పేము అల్లేది ఆయనొక్కడే. కుర్చీని తిరగేసి చూసి, తన చేతులు చాపాడు. వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి.

"బద్ద పట్టుకుంటే జారిపోతోంది తల్లీ. నేను చెప్తాను, నువ్వల్లు."

"నాకు రాదు తాతా."

"పుట్టగానే ఎవరికొచ్చు? నాకు మా మావయ్య చెవి మెలిపెట్టి నేర్పాడు."

"నా చెవి ఇప్పటికే మెలిపడి ఉంది," అని తన సంగతి చెప్పిందామె.

"అయితే ఆ జోలికి నేను రానులే. కూర్చో."

కూర్చుంది. పేము బద్దల్ని నీళ్లలో నానబెట్టడం, చట్రం చుట్టూ ఉన్న కన్నాలు లెక్కపెట్టి నడిమి కన్నం నుంచి మొదలుపెట్టడం, కన్నంలో చిన్న చెక్కచీల దిగ్గొట్టి బద్ద జారకుండా ఆపడం ఒక్కొక్కటే చూపించాడు తాత. ముందు నిలువు వరసలు, వాటిమీద అడ్డం, మళ్లీ నిలువు, అటుపైన ఒకటి కింద ఒకటి పైన తీస్తూ అల్లిక. చివర్న రెండు వైపులా మూల నుంచి మూలకు ఐమూల బద్దలు. మొదటిరోజు నాలుగు వరసలు లాగేసరికి వేళ్లు మండాయి. అయినా మర్నాడు వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది.

అయిదో రోజు అల్లిక వరస ఒకటి పూర్తయి తలెత్తేసరికి, వీధి గోడమీది ఎండ ఇంత ఎత్తు నుంచి అంత కిందకి దిగిపోయి ఉంది. అంతసేపూ మోత గుర్తే లేదు. అనుకున్న క్షణమే అది మళ్లీ వినబడింది.

"పోయిందనుకున్నా తాతా. ఉంది."

"ఉంటే ఉండనీ. అద్దెకున్న వాళ్లందరితో పలకాలని రూలేం లేదుగా."

ఆమె నవ్వింది. నవ్వి ఎన్నాళ్లయిందో.

అత్తగారి కుర్చీ పూర్తయిన వారానికి పోస్ట్‌మాన్ సంచీతో కొట్టు మెట్లెక్కాడు. హాల్లోని పేము కుర్చీల్లో పద్నాలుగింటికి అడుగులు తెగిపోయాయట. నిలబడి వినలేక జనం తగ్గిపోయారట. జనం లేని హాలెందుకు, పాత పత్రికల కట్టలు పెట్టుకుందామని గ్రంథాలయం వాళ్లు చూస్తున్నారట.

"రెండున్నర నెలలు గడువిచ్చారు తాతా. ఏమన్నా చెయ్యగలవా?"

తాత తన వేళ్లకేసి చూసుకున్నాడు. "ఏడాదిస్తే చూద్దును."

"నేనల్లుతాను," అంది మెషీనక్క.

ఇద్దరూ ఆమె వంక చూశారు. "ఒక్క కుర్చీకే పన్నెండు రోజులు పట్టింది నీకు," అన్నాడు తాత.

"మొదటిది కాబట్టి పట్టింది. పంపించండి."

డ్యూటీ దిగి నేరుగా కొట్టుకు రావడం, రాత్రి భోజనాల వేళకు ఇల్లు చేరడం అలవాటు చేసుకుంది. రెండో కుర్చీకి తొమ్మిది రోజులు పట్టింది. మూడోది ఆరు. నాలుగోదాన్ని సెలవు పెట్టి మూడు రోజుల్లో దించింది. చెయ్యి కుదిరాక మామూలు రోజుల్లోనూ నాలుగు రోజులకొకటి పూర్తయ్యేది. భర్త మొదట సణిగినా, ఓ రోజు బస్సు డిపోలో పెట్టి కొట్టుకే వచ్చి, బద్దలు నానబెట్టే బకెట్లో నీళ్లు మార్చి వెళ్లాడు. ఆ తర్వాత అడక్కుండానే వచ్చేవాడు.

ఆరో కుర్చీ దగ్గర దెబ్బతింది. ఆ పొద్దున ఆమె మేనేజరు దగ్గరికి వెళ్లింది. తన స్థానంలో యంత్రం పక్క నిలబడుతున్న ఇద్దరు ఆడపిల్లలకు చెవులు మూసే కప్పులు ఇప్పించమని అడిగింది. "చూద్దాం" అన్నాడు మేనేజరు, కాగితాల్లోంచి తల ఎత్తకుండా. ఆ "చూద్దాం" సాయంత్రం దాకా చెవిలో మోతతో పాటు మోగుతూనే ఉంది. ఆ కోపంలోనే ఆ కుర్చీ మొదలుపెట్టింది. మూడు రోజులు పోయాక ఐమూల బద్ద తీస్తుంటే లెక్క కలవలేదు. నడిమి కన్నం అనుకున్నది నడిమిది కాదు. ఆ తప్పు మొదటి వరస నుంచీ నడిచొచ్చింది.

"కూర్చునేవాడికి తెలీదులే," అన్నాడు తాత మెల్లగా.

"నాకు తెలుసుగా."

కత్తి తీసుకుని మొత్తం కోసేసింది. ముక్కలు ఊడ్చి, కొత్త బద్దలు నీళ్లలో వేసింది. అవి నానాక కన్నాల్ని వేలితో ముట్టుకుంటూ పైకి లెక్కపెట్టింది. రెండోసారీ లెక్కపెట్టింది. అప్పుడు చీల దిగ్గొట్టింది. కోపం ఇంటిదగ్గర ఉన్నా, ప్రెస్సులో ఉన్నా, ఇక్కడ బద్ద లాగేటప్పుడు మాత్రం మనసులో బద్దే ఉండాలని ఆరోజు అర్థమైంది.

గడువుకు రెండు రోజుల ముందు పద్నాలుగో కుర్చీ హాలుకు చేరింది. తాత ఒక్కో కుర్చీలో కూర్చుని చూశాడు. ఏడోదాంట్లో కాస్త ఎక్కువసేపు కూర్చుని, "ఇది నేనల్లినట్టే ఉంది," అన్నాడు. ఆయన మెచ్చుకోలు అంతే.

ఆ ఆదివారం పోస్ట్‌మాన్ ఆమెను పిలిచాడు. "కుర్చీలు అల్లినవాళ్లు నిలబడితే మాకు పాపం అక్కా. రండి."

చెవిలో దూది పెట్టుకుని, తలుపు పక్క కుర్చీలో, చెయ్యి తలుపు గడియ మీద ఉంచుకుని కూర్చుంది. నర్సు ఫిడేలు మొదలుపెట్టింది. ఫరవాలేదనిపించింది. డోలు అందుకుంది. చెవిలో మోత ఉప్పొంగింది. లేవబోయింది.

లేవలేదు. బద్ద కొస వెతికినట్టు ఫిడేలు స్వరం ఒకటి వెతికి పట్టుకుంది. అది డోలు దెబ్బ కింద నుంచి వెళ్తోంది, మళ్లీ పైకొస్తోంది. ఒకటి కింద, ఒకటి పైన. చెయ్యి జారినట్టు రెండుమూడుసార్లు స్వరం జారిపోయి మోతే మిగిలింది. ప్రతిసారీ మళ్లీ వెతికి పట్టుకుంది. మోత తగ్గలేదు. కానీ అది కూడా ఆ అల్లికలో ఎక్కడో ఒక వరసై కూర్చుంది. పాట అయ్యేసరికి చెయ్యి గడియ మీద లేదు. బుగ్గలు తడిగా ఉన్నాయి.

"డోలు కాస్త మెల్లగా వాయించమంటారా?" అని అడిగింది నర్సు, అది గమనించి.

"వద్దమ్మా. ఇలాగే కానివ్వండి."

సోమవారం ఆమె మళ్లీ మేనేజరు గదికి వెళ్లింది. ఈసారి డాక్టరు కాగితం జిరాక్సు, మెషీన్ రూములో పనిచేసే పదకొండు మంది సంతకాలు చేతిలో ఉన్నాయి. మేనేజరు "చూద్దాం" అన్నాడు. "సరే, చూడండి. చూసేదాకా ఉంటాను," అని ఎదురు కుర్చీలో కూర్చుంది. కోపం లేదు, తొందరా లేదు. అరగంట గడిచింది. పోట్లాడే మనిషినైతే బయటికి పంపొచ్చు, ఊరికే కూర్చున్న మనిషిని ఏం చేయాలో ఆయనకు తోచలేదు. చివరికి ఫోను తీశాడు. మూడు వారాలకు చెవి కప్పులు వచ్చాయి. వాటిని సరిగ్గా పెట్టుకోవడం ఆ ఆడపిల్లలకు ఆమే దగ్గరుండి నేర్పింది.

మోత ఇప్పటికీ ఉంది. కొన్ని రోజులు ఎక్కువ, కొన్ని రోజులు తక్కువ. ఎక్కువైన రోజున కొట్టుకు వెళ్లి ఓ గంట అల్లుకుంటుంది. ఆదివారాలు హాలుకు వెళుతుంది. మొన్న ఆదివారం అత్తగారు కూడా వస్తానని పట్టుబట్టింది. ఇద్దరూ మూడో వరసలో కూర్చున్నారు. రెండో పాట సగంలో అత్తగారు కోడలి వైపు వంగింది.

"ఆ డోలాయనకి ఒంట్లో బాలేదా అమ్మాయ్? దెబ్బ వినబడట్లేదు."

"బానే వాయిస్తున్నాడు అత్తయ్యా. మీకే వినికిడి తగ్గినట్టుంది. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"రేపటి సంగతి రేపు. ముందు వరసలో రెండు ఖాళీలున్నాయి, లే."

ఇద్దరూ లేచి ముందుకు నడిచారు.