నాంచారి చావదు

ఆ సినిమా తీసినవాళ్ళ చేతులు పడిపోను! గుడియాత్తం నుంచి వేలూరు దాకా బస్సులో నిలబడి వెళ్ళి చూశాను. ఆట సగం కాకముందే నాంచారిని పాముచేత కరిపించి చంపేశారు. నేను లేచి నిలబడి అరిచాను.

"రేయ్, అది చావదురా! కత తెలీకుండా సినిమా తీయమని ఎవుడు చెప్పినాడురా మీకు?"

వెనకవాళ్ళు "ఉక్కారమ్మా, ఉక్కారు" అని, కూర్చోమని అరవంలో గోల పెట్టారు. నేను కూర్చోలేదు.

నాంచారి, వాళ్ళు సినిమాగా తీసిన అయిదు భాగాల మంత్రాల కథలో రాకుమారికి దాసి. మాంత్రికుడి ఏడు గుహలనూ వట్టి చేతులతో దాటుతుంది. రాజుకైనా సరే ఎదురు చెబుతుంది. మా బీడీల కొట్టంలో ఆ పుస్తకాలు చదివేది భారతక్క. ఆమె చిత్తూరులో అయిదో క్లాసు దాకా చదివింది. మాకేమో తెలుగు నోట్లో ఉంది గానీ, అక్షరం ముక్క రాదు. చేతిలో పుస్తకం పెట్టుకుని ఆమె బీడీలు చుట్టలేదు కదా, అందుకని ఆమె వంతు మేమే తలా గుప్పెడు చుట్టి ఆమె చేటలో వేసేవాళ్ళం. నా చెల్లెలు రాజాంబాళ్ కాన్పులో చనిపోయిన నెలలో నేను పొద్దున లేచి పనికి వెళ్ళానంటే, నాంచారి ఇవాళ ఏ గుహలో ఉందో వినడానికే. అయిదో భాగం చివర ఆమె ముసలిదై, కోట గుమ్మంలో కూర్చుని మనవరాళ్ళకు జడలు వేస్తుంది. కథంటే అదీ!

సినిమా కంపెనీకి ఉత్తరం రాయిద్దామన్నాను. కొట్టంలో అందరూ వేలిముద్రలు వేస్తామన్నారు. భారతక్క మాత్రం "పోనీలే చిన్నపొన్నూ, సినిమావోళ్ళతో మనకేంది" అని సాగదీసింది. నాకు ఒళ్ళు మండింది. ఆమె పెట్టెలోంచి చివరి మూడు భాగాలూ తీసుకుని తెలుగు అయ్యవారి ఇంటికి వెళ్ళాను. ఆంధ్ర రాష్ట్రం వేరుపడ్డాక ఆయనకు చిత్తూరులో ఉద్యోగం దొరికింది. సామాన్లు కట్టుకుంటున్నాడు.

"పాము కరిచినాంక నాంచారికి పసరు పోసి బతికిస్తారే, ఆ పేజీ నంబరు చెప్పండి అయ్యవారూ. వాళ్ళ మొగాన కొట్టాల."

ఆయన చదివాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు.

"పసరు యాడుండాదమ్మా? ఈడనే చచ్చిపోయింది. చితి గూడా పేర్చినారు."

"సరిగ్గా చూడండి!" అని గదమాయించాను, అంతటి అయ్యవారిని. పాపం, ఆయన తక్కిన రెండు భాగాలూ తిరగేశాడు. నాంచారి పేరే లేదు.

తిన్నగా కొట్టానికి వచ్చి పుస్తకాలు భారతక్క ముందు పడేశాను.

"రెండేండ్లు మా చెవిలో పువ్వులు పెట్టినావా అక్కా? మాకు అక్షరం రాదనే కదా?"

భారతక్క మూడో భాగం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ పొద్దు నువ్వు నా ఎదురుగానే కూసోని ఉంటివి. రాజాంబాళ్ పోయి పదకొండు దినాలు. చచ్చిపోయిందని చదవను నోరు రాలేదే. బతికించేస్తి. ఆ మీదట ఆపను చేతకాలేదు."

నా కోపం చల్లారిందనుకుంటున్నారా? రెండింతలైంది. జాలి ఉంటే నా పక్కన కూర్చుని ఏడవాలి గానీ, చదువుతున్నట్టు నటిస్తారా? ఉన్నది ఉన్నట్టు తీసినవాళ్ళను నేను ఊరూ పేరూ తెలియకుండా శపించానే! చేటలో పొగాకుపొడి చదును చేసి ఆమె ముందుకు తోశాను.

"రాయి. 'అ' నుంచి చెప్పు. ఆ పేజీ నేనే చదువుకుంటా. అంతదాకా నాంచారి చచ్చిపోయిందని ఈ కొట్టంలో ఎవురన్నా అన్నారో, చూడండి మళ్ళ!"

భారతక్క నా వేలు పట్టుకుని పొడిలో పెట్టింది. ఆమె చెయ్యి వణుకుతోంది.

"వణక్కుండా దిద్దించు," అన్నాను.