ఒంటిరెక్క పక్షి

"నీదేముందే, ఊరికే కూర్చుని గీకే పనేగా," అన్నాడు ప్రోకోపీ పొద్దున్నే, టీ గ్లాసు ఆమె ముందు పెట్టి. పెట్టింది ఆమె తాగడానికి కాదు, మళ్ళీ నింపమని.

ఉస్తీనియా చాకు పక్కన పెట్టి, ఒళ్ళో పడిన బెరడు పొట్టు దులుపుకుని లేచింది. టీ నింపి, రొట్టె కోసి, ఎండు చేప విరిచి పెట్టి వచ్చి మళ్ళీ కూర్చుంది. జూన్ నెలలో భూర్జ చెట్లకి నీరు పట్టిన పదిహేను రోజులే బెరడు చొక్కా విప్పినట్టు ఊడి వస్తుంది. ఒలిచిన బెరడు లోపలి వైపున్న గోధుమరంగు పొరని తడిగా ఉండగానే గీకాలి. గీకిన చోట పసుపు తేలుతుంది, వదిలేసిన చోట బొమ్మ మిగులుతుంది. ఆరిందంటే చాకు జారిపోతుంది, పొర పెచ్చులు లేస్తుంది. అందుకని ఈ రోజుల్లో గీకడం ఆగదు. అలాగని వంటా ఆగదు, చేపలు తోమడమూ ఆగదు, అత్తగారి మోకాళ్ళకి కాపడమూ ఆగదు. ఆగేది ఉస్తీనియా నిద్ర ఒక్కటే. ఈసారి గీకుతున్నది నిద్రపక్షుల్ని. నగరంలో కొత్తగా కడుతున్న ఒక హోటల్ గోడలకి ఇరవై పలకలు. పలక పూర్తవగానే ప్రోకోపీ మేకు కాల్చి కింద తన పేరు పొడుస్తాడు. అది మాత్రం చాలా శ్రద్ధగా పొడుస్తాడు. ఎవరైనా అడిగితే, "మా ఆవిడ కూడా కాస్త సాయం చేస్తుందండీ" అంటాడు. మొదటిసారి విన్నప్పుడు ఉస్తీనియా మురిసిపోయింది కూడా, పిచ్చి మొహం.

నిద్రపక్షి గోడ మీద ఉండేది కాదు. పసిబిడ్డ బెరడు తొట్టెలో తల వైపు ఉండేది. నిద్రలో బిడ్డ ప్రాణం దారి తప్పి తిరగకుండా ఆ అడవికోడి బొమ్మ తన రెక్కల కింద పట్టి ఉంచుతుందని ఈ ఏటి ఒడ్డున ప్రతి తల్లికీ తెలుసు. దాన్ని తల్లే గీకాలి. ఉస్తీనియా కూడా గీకింది, ఎనిమిదేళ్ళ కిందట, కడుపుతో ఉండగా. ఒక రెక్క పూర్తి చేసింది. రెండోది మొదలుపెట్టబోతుంటే, "సంతకి ఇంకా పన్నెండు బెరడు డబ్బాలు కావాలి, అది తర్వాత చూసుకోవచ్చులే, బిడ్డ ఇప్పుడే పుట్టుకొస్తోందా?" అన్నాడు ప్రోకోపీ. డబ్బాలు పూర్తయ్యేసరికి తొట్టె బెరడు ఆరిపోయింది. పక్షి ఒంటిరెక్కతో ఉండిపోయింది.

వర్య పుట్టి ఐదు నెలలు బతికింది. ఒళ్ళు కాలిపోతున్న రోజు ఇంట్లో పడవ లేదు. డబ్బాలు వేసుకుని ప్రోకోపీ సంతకి వెళ్ళాడు. ఆసుపత్రి ఏటికి కింద మూడు గంటల దూరం. ఉస్తీనియా బిడ్డని ఎత్తుకుని రోజంతా ఒడ్డున నిలబడింది. ఎవరి పడవైనా కనపడుతుందేమోనని చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి. నాలుగో రోజు ప్రోకోపీ వచ్చి, "జ్వరమేగా అనుకున్నాను," అన్నాడు. అంతే అన్నాడు. అత్తగారు పెలగేయ మాత్రం చాలా అంది. "రెక్క లేని పక్షి పెడితే ఏం పట్టుకుంటుందే, నీ మొహం పట్టుకుంటుందా?" అంది. "బిడ్డ పోయిన తొట్టె ఇంట్లో ఉండకూడదు, అడవికి తీసుకెళ్ళి చెట్టుకి కట్టేసి రా," అని కూడా అంది. వెళ్తానని బయల్దేరి, ఉస్తీనియా దాన్ని సామాన్ల కొట్టులో చాపల చాటున దాచింది. తొట్టె అడుగున పరిచిన మెత్తటి చెక్క పొడిలో అప్పటికి ఇంకా వర్య వాసన ఉంది. ఎలా కట్టేస్తుంది? ఆ తర్వాత మళ్ళీ కడుపు పండలేదు. తొట్టె దాచినందుకే పండలేదేమో, రెక్క పూర్తి చెయ్యక ఒకసారి, తొట్టె దాచి ఇంకోసారి, బిడ్డని రెండుసార్లు తానే పోగొట్టుకుందేమో అని ఏడేళ్ళుగా ఆమె లోపల్లోపలే కుళ్ళిపోతోంది. చెప్పుకోవడానికి ఎవరున్నారు?

ఆ మధ్యాహ్నం హోటల్ తాలూకు రిమ్మా పలకలు తీసుకెళ్ళడానికి వచ్చింది. మంచి పిల్లే, చెప్పులు గుమ్మం దగ్గరే విప్పింది. పాత సామాన్లేమైనా ఉంటే చూస్తానంటే ప్రోకోపీ కొట్టంతా తిరగేశాడు. బయటికి వచ్చినప్పుడు అతని చేతిలో తొట్టె ఉంది.

"అబ్బ! ఇదే కావాలి నాకు," అంది రిమ్మా. "ముందు గది గోడకి తగిలించి ఎండు పూలతో నింపేస్తాం. ప్రోకోపీ గారూ, ఈ పక్షికి ఒకటే రెక్క ఉందేం? ఎంత బావుందో!"

"అది మా సంప్రదాయం మేడం," అన్నాడు ప్రోకోపీ, కన్నార్పకుండా. "కావాలనే వదిలేస్తాం. పక్షి ఎగిరిపోకూడదని."

ఉస్తీనియా చేతిలో చాకు జారి బొటనవేలు తెగింది. నెత్తురు బెరడు మీద పడకుండా వేలు నోట్లో పెట్టుకుంది. పని పాడవకూడదని అప్పుడు కూడా అనుకుంది, అది అలవాటు.

"అయితే వచ్చే ఏడాది ఇంకో నలభై పలకలు," అంది రిమ్మా. "అన్నీ ఒంటిరెక్కతోనే."

"దానికేం భాగ్యం మేడం. విన్నావా ఉస్తీ? నీకూ సగం పని తగ్గింది."

ఆమె లేచి భర్త దగ్గరికి వెళ్ళింది. "అది ఇవ్వడానికి లేదు," అంది మెల్లగా.

"ఏం? ఏడేళ్ళ నుంచి అందులో ఎవరు పడుకుంటున్నారు?" ప్రోకోపీ కూడా మెల్లగానే అన్నాడు, నవ్వు చెరగకుండా. "వచ్చినావిడ ముందు ఏడుపు మొదలెట్టకు. కావాలంటే ఇలాంటివి పది చేసుకో."

పది చేసుకోవాలట! ఉస్తీనియాకి అరవాలనిపించింది. అత్తగారి వైపు చూసింది. పెలగేయ బల్ల మీద కూర్చుని తొట్టెనే చూస్తోంది, దయ్యాన్ని చూసినట్టు. అడవికి పోయిందనుకున్న తొట్టె అది.

పలకలు, తొట్టె పడవలోకి చేరాయి. ఒడ్డున బావగారు యెఫీమ్ ఇంజను చూస్తున్నాడు. పెద్దవాడు కనక అతని ముందు ఉస్తీనియా మొహం మీదికి శాలువా లాక్కోవాలి. లాక్కుంది. శాలువా అంచు కింద నుంచి ఇసుక, తాడు, తెడ్లు కనిపిస్తున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి చుట్టు తిరిగి నడుస్తోంది. పెళ్ళయిన కొత్తలో నీళ్ళ బకెట్లతో వస్తూ ఆరబెట్టిన వల దాటింది. ఆడది దాటిన వల ఇక మగవాడు ముట్టుకోకూడదు. ఊరంతా వినేట్టు అత్తగారు శాపనార్థాలు పెట్టి, భూర్జ చెట్టు మీద కాచే నల్ల పుట్టగొడుగు కాల్చి పొగ వేసేదాకా ఆ వలకి దిక్కు లేదు. అప్పట్నుంచి గొడ్డలి, తుపాకి, తాడు, పడవ ముక్కు, ఏది అడ్డొచ్చినా ఆమె చుట్టు తిరగాల్సిందే. ఇంట్లో, ఒడ్డున, తొమ్మిదేళ్ళుగా ఆమె నడకంతా చుట్టు తిరుగుడే.

"మేడం, మీరు వెనక నుంచి ఎక్కండి," అంటున్నాడు ప్రోకోపీ. "మా ఆచారం, ఏమనుకోకండి. ఆడవాళ్ళు పడవ ముక్కు దాటితే మేం ఇక ఆ పడవ ముట్టుకోం. మా తాతల నాటి నుంచి నియమం తప్పలేదు."

ఆ మాట ఉస్తీనియా చెవిన పడింది. అదే పడవ. ఆ రోజు లేని పడవ. ఇప్పుడు వర్య తొట్టెని ఎండు పూల కోసం మోసుకుపోతున్న పడవ.

ఆమె ముందుకి నడిచింది. పావడా రెండు చేతులా పట్టుకుని, ఇసుకలోకి లాగి ఉన్న పడవ ముక్కు మీదుగా ఈ పక్క నుంచి ఆ పక్కకి దాటింది. పొరపాటున దాటిందంటారేమోనని, వెనక్కి తిరిగి మళ్ళీ దాటింది. తర్వాత తెడ్లు దాటింది. తర్వాత తాడు.

యెఫీమ్ చేతిలోని పనిముట్టు వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. తమ్ముడి భార్య మొహం అతను చూడడం అదే మొదలు. శాలువా ఎప్పుడో జారిపోయింది.

"మతిపోయిందా నీకు?" ప్రోకోపీ అరిచాడు. పడవ వైపు ఒక చెయ్యి చాచాడు, అన్న వైపు చూశాడు, రిమ్మా వైపు చూశాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అమ్మా! చూస్తావేం? పొగ వెయ్యి! త్వరగా!"

పెలగేయ కుంటుకుంటూ ఒడ్డుకి వచ్చింది. ఆమె నడుముకి పుట్టగొడుగు సంచీ ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. ఇప్పుడూ ఉంది, నిండుగా. ముసలావిడ తొట్టెని చూసింది, కోడల్ని చూసింది. సంచీని పావడా మడతల్లోకి దోపుకుంది.

"పుట్టగొడుగు లేదురా. అయిపోయింది."

"అయిపోవడమేంటమ్మా? నీ నడుముకే ఉంది కదా!"

"అయిపోయిందని చెప్తుంటే నీకు కాదూ?"

ఉస్తీనియాకి ఏడుపొచ్చింది. ఏడేళ్ళుగా రానిది, అందరి ముందూ వచ్చింది, తుడుచుకోలేదు. పలకలు ఒక్కొక్కటే తీసి ఇసుకలో పెట్టింది. పెట్టేటప్పుడు ఒక్కోదాని మీదా కాల్చిన పేరు కనపడేలా పెట్టింది. తొట్టె ఒక్కటీ పడవలో ఉంచుకుంది.

"ఇవి నీ పేరు మీదున్నవి, ఉంచుకో," అంది ప్రోకోపీతో. "ఈ పడవ నువ్వు ముట్టుకోలేవుగా. నేను ముట్టుకోగలను."

తెడ్లు తీసి పడవలో వేసి, భుజం ఆనించి నీళ్ళలోకి తోసి ఎక్కింది. పడవ కదిలింది.

"చెట్టుకి కట్టేస్తావా?" ఒడ్డు నుంచి పెలగేయ అడిగింది.

"కట్టేస్తానత్తా. ఈసారి నిజంగా కట్టేస్తాను."

"సాయంత్రానికి వస్తావా?"

ఉస్తీనియా తెడ్డు అందుకుంది. ఆడవాళ్ళు పడవ నడిపితే ఒడ్డు పట్టుకుని, మగవాళ్ళ వలలన్నీ చుట్టు తిరిగి వెళ్ళాలి. ఆమె నడి ఏట్లోంచి, వలల మీదుగా, తిన్నగా వెళ్ళింది.