నాలుగు వందల లీటర్ల పురుడు

లాల్‌దర్వాజాలో, సూర్యభగవానుడు సైతం మధ్యాహ్నం ఒక్క గంట దర్శనమిచ్చి సెలవు పుచ్చుకునే ఒక సన్నని గల్లీలో, నాగమణమ్మ ఏలుబడి ముప్పై నాలుగేళ్లుగా నిరాటంకంగా సాగుతోంది. రాజ్యం చిన్నదే: కింద రెండు గదులు, పైన రెండు గదులు, ముందు ఒక అరుగు. ప్రజలు అంతకన్నా తక్కువ: కొడుకు ప్రణీత్, కోడలు స్రవ్య, మూడేళ్ల మనుమరాలు. ఎదురుతిరిగేవారు ఒక్కరూ లేకపోవడం మాత్రం ఏలికకు కొంత నామోషీగా ఉండేది. ఆషాఢం ఇంకా పది రోజులుందనగా, తొమ్మిదో నెల గర్భిణి అయిన కోడలు ఆ కొరత తీర్చింది. ఈసారి తాను ఇంట్లోనే కంటానని, అదీ నీళ్లు నింపిన తొట్టిలో కూర్చొని కంటానని ప్రకటించింది.

"ఏంట్ల కంటవ్?" అని అడిగింది నాగమణమ్మ, చింతపండు పిసుకుతున్న చేతిని గిన్నెలోనే ఆపి.

"నీళ్ల తొట్టిల, అత్తమ్మా. గోరువెచ్చని నీళ్లుంటయ్. నొప్పులు జర తక్కువ తెలుస్తయట. నుజహత్ అక్క దగ్గరుంటది."

"నీళ్లల్ల బర్రెలు పండుకుంటయ్."

"బర్రెల మీద ఎవ్వరు ఒర్రరు గద. అందుకే పండుకుంటయేమో."

"ఆషాఢంల ఇంట్ల పురుడైతే అమ్మవారికి బోనం ఎత్తేదెట్ల? అది సోచాయించినవా?"

"దవాఖానల కన్నా పురుడు పురుడే గదా."

"అది వేరే, ఇది వేరే" అని తీర్పు చెప్పి నాగమణమ్మ చింతపండును మళ్లీ పిసికింది. ఆ పిసుకుడులో తదుపరి కార్యక్రమం ఏమిటో స్పష్టంగా సూచించబడింది.

స్రవ్య పట్టుదలకు కారణం ఆమె మొదటి కాన్పు. ఒక నర్సింగ్‌హోములో, పచ్చరంగు గుడ్డ కట్టిన బల్ల మీద, ఒక ఆయా ఆమె తొడ మీద చెళ్లున చరిచి "అప్పుడు నవ్వినవ్ గద, ఇప్పుడు నోరు మూస్కో" అంది. డాక్టరమ్మ అడగకుండానే కోసి, చెప్పకుండానే కుట్లు వేసింది. కాళ్ల దగ్గర నిలబడిన నాగమణమ్మ ఆ ఆయాతో, "మా పిల్ల జర నాజూకు, గట్టిగ చెప్పుండ్రి" అని అనుమతి దయచేసింది. ఆనాటి నుంచి ఎవరు గొంతు పెంచినా స్రవ్య మోకాళ్లు వాటంతటవే దగ్గరకు ముడుచుకుంటాయి. నీళ్ల సంగతి తరువాత. తన మీద ఎవరూ అరవని చోట కనాలన్నదే ఆమె కోరిక. సొంత ఇంటికన్నా అలాంటి చోటు మరేముంటుందని ఆమె అనుకుంది. పెళ్లయి ఐదేళ్లు గడిచాక కూడా అలా అనుకోగలగడం ఆమె సహృదయతకు తిరుగులేని నిదర్శనం.

ప్రణీత్‌కు ఛత్రినాకలో మోటార్లు, పైపుల దుకాణం ఉంది. తల్లికి భయపడగా, భార్యకు భయపడగా మిగిలిన సమయంలో అతడు అక్కడ కూర్చుంటాడు. భార్య కోరికలో అతనికి అర్థమైనది ఒక్కటే: నాలుగు వందల లీటర్లు. "ఇంచు పైపు ఏస్తే ఇరవై నిమిషాలల్ల నిండుతది" అన్నాడు. ఐదేళ్ల కాపురంలో భార్య బాధకు అతడు కనిపెట్టిన మొదటి పరిష్కారం అదే కనుక స్రవ్య దాన్ని ప్రేమగానే స్వీకరించింది.

నుజహత్ మిడ్‌వైఫ్, నయాపూల్ అవతల ఒక ప్రసూతి కేంద్రంలో పని. శాలిబండ నుంచి స్కూటీ మీద వచ్చి, స్రవ్య బీపీ చూసి, రక్తపరీక్ష కాగితం చదివి, మడతపెట్టి ఉన్న నీలిరంగు గాలితొట్టిని గోడకు ఆనించి పెట్టింది. అరుగు మీద నుంచి నాగమణమ్మ ఆమెను సాక్షిగా పిలిచింది.

"నువ్వే చెప్పు బిడ్డా. తొట్టిల కనుడు ఎక్కడన్న ఉన్నదా?"

"ఉన్నదమ్మా."

"మంచిగుంటదా?"

"కొందరికి మంచిగుంటది. కొందరికి అస్సలు ఒద్దు. మీ కోడలికి ఇప్పటిదాక అయితే అడ్డం ఏం లేదు."

సాక్షి ఎదురు పక్షానికి అమ్ముడుపోయిందని నాగమణమ్మ గ్రహించి, ఇవ్వబోయిన కప్పు చాయ్ తానే తాగేసింది.

"ఆదివారం దాక సోచాయించు స్రవ్యా" అంది నుజహత్. "ఆ రోజు తొట్టి నింపి చూపియ్యాలె. ఎంతసేపట్ల నిండుతది, నీళ్లు ఎంత వేడి ఉంటయ్, అంతా చూస్త. ఇంకోటి, రక్తం ఆగకపోతే ఇరవై నిమిషాలల్ల దవాఖానల ఉండాలె. ఆ తొవ్వ గూడ చూస్త. అప్పుడు నువ్వు ఔనంటే ఔను, కాదంటే కాదు. నువ్వు చెప్పాలె, ఇంకెవ్వరు కాదు."

వెళ్లేముందు ఆమె వాకిట్లోని సంపు మూత ఎత్తి లోపలికి చూసింది. తరువాత మూత వేసి, "ఈ నీళ్లతోని చేతులు గూడ కడుక్కోవద్దు" అంది. అందుచేత తొట్టిని సంపు నీళ్లతో కాక, నల్లాలో అప్పటికప్పుడు వచ్చే నీళ్లతోనే నింపాలని తీర్మానమైంది. ఆ తీర్మానమే కొంప ముంచింది.

ఆ గల్లీకి నల్లా దినం విడిచి దినం, ఉదయం పదికి వచ్చి పదకొండుకు పోతుంది. ఆ గంటలో ప్రతి ఇల్లూ అర హార్స్‌పవర్ మోటారును గోనెసంచి కింద దాచి, నల్లా పైపుకే బిగించి నీళ్లు గుంజుకుంటుంది. ఇది నేరమని అందరికీ తెలుసు. అయితే మోటార్లన్నీ ప్రణీత్ అమ్మినవే, అన్నీ ఒకే శక్తి గలవే కావడంతో, దొంగల మధ్య సమానత్వం వర్ధిల్లి, గల్లీలో శాంతిభద్రతలు నిలిచి ఉన్నాయి. ఆదివారం నాడు ప్రణీత్, మహాసామ్రాజ్యాలు ఎలా కూలుతాయో చదువుకోనివాడు కనుక, దుకాణం నుంచి రెండు హార్స్‌పవర్ మోటారు మోసుకొచ్చి బిగించాడు.

తొట్టి పదకొండు నిమిషాల్లో నిండింది. ఆ పదకొండు నిమిషాల్లో ఇరవై ఆరు ఇళ్ల నల్లాలు బుస్సుమని గాలిని వదిలాయి. ముప్పావు వంతు ఖాళీగా ఉన్న బిందెలతో జనం వాకిళ్లలోకి వచ్చారు. మోటారు చప్పుడును అనుసరించి ఎదురింటి వైకుంఠం అందరికన్నా ముందు వచ్చాడు.

వైకుంఠానికీ నాగమణమ్మకూ మాటల్లేక పందొమ్మిదేళ్లు. ఒక బోనాల నాడు అతని భార్య ఎత్తిన బోనం, నాగమణమ్మ బోనంకన్నా ఏడడుగులు ముందు నడిచింది. ఏడు కాదు, నాలుగేనని వైకుంఠం వాదన. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఒకరికి వినబడేలా గోడలతో మాట్లాడతారు.

"ఏం ప్రణీతూ, ఇంట్ల చెరువు తవ్వుతున్నవా?"

"వైకుంఠం కాకా, జర పది నిమిషాలు..."

"నా నల్లాల గాలి తప్ప ఏం వస్తలేదు. గిన్ని నీళ్లు దేనికిరా నీకు?" అంటూ అతడు గుమ్మంలోంచి తొంగి చూశాడు. ముందు గదిలో నీలిరంగు తొట్టి, దాని పక్కన పొట్ట మీద చేయి వేసుకొని నిలబడ్డ స్రవ్య కనబడ్డారు. ఆడవాళ్ల గుసగుసల ద్వారా సంగతి అతనికి ముందే చేరింది. "ఓహో! గిండ్ల కంటదా? నీళ్లల్ల పండుకునేది బర్రె గదరా!"

గల్లీ అంతా పకపక నవ్వింది.

అంతవరకు నాగమణమ్మ అరుగు మీద కూర్చొని, కోడలి ప్రయోగం గల్లీ చేతిలో భగ్నమవుతున్న శుభఘడియను తిలకిస్తోంది. ఆ నవ్వు విని లేచింది. పందొమ్మిదేళ్ల మౌనవ్రతం అక్కడికక్కడే ముగిసింది.

"ఎవర్ని బర్రె అంటున్నవ్?"

"నేను ఉన్నమాట అన్న."

"నా కోడలు నీళ్లల్ల కంటది, నిప్పులల్ల కంటది. నీ అయ్య సొమ్మేమన్న పోయిందా?"

"పోయింది. నా నల్లా నీళ్లు పోయినయ్!"

"నల్లాకు నీ పేరు రాసిండ్రా? నీ మోటర్ల సంగతి నేను చెప్పాల్నా? గోనెసంచి కింద ఒకటి, బాత్రూంల ఒకటి!" అని ఆమె గల్లీవైపు తిరిగి గొంతు సవరించుకుంది. "అందరు వినుండ్రి. నా కోడలు గీ తొట్టిలనే కంటది. నేను దగ్గరుండి పురుడు పోస్త. బోనం పోతే పోనీ!"

ఆవగింజ చిటపటలాడేంత వ్యవధిలో రాజనీతి తలకిందులైంది. గదిలో స్రవ్యకు తన కోరిక మంజూరైనట్లూ, మంజూరవుతూనే చేజారినట్లూ ఏకకాలంలో తెలిసింది. కనబోయేది తానే, కానీ గెలవబోయేది మాత్రం అత్తగారు. ఆమె మోకాళ్లు దగ్గరకు ముడుచుకున్నాయి.

నుజహత్ వచ్చేసరికి బిందెలు, మాటలు రెండూ గాలిలో తిరుగుతున్నాయి. ఆమె వాటి కింద నుంచి వంగి లోపలికి వచ్చి, తొట్టిలో థర్మామీటర్ ముంచి, "ఇరవై ఎనిమిది. ముప్పై ఏడు గావాలె" అంది.

"గీజర్ పదిసార్లు నింపితే అయితది అక్కా" అన్నాడు ప్రణీత్.

"అది తర్వాత. ముందుగాల తొవ్వ చూద్దాం." ఆమె ఫోన్ తీసి ఖదీర్ అనే ఆటోవాలాను పిలిచింది. అతడు గల్లీ బయట, బడీ సడక్ మీదనే ఉన్నాడు. "ఖదీర్ భాయ్, గల్లీల ఇంటి ముందటికి రా. ఎంతసేపు పడ్తదో చూడాలె."

ఆటో గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. రెండు వైపులా బైకులు, మధ్యలో బిందెల బారు, వాటన్నిటికీ అధ్యక్షత వహిస్తూ వైకుంఠం స్కూటరు. ఖదీర్ హారన్ కొట్టాడు. నుజహత్ గుమ్మంలో నిలబడి, "జర బండ్లు తియ్యుండ్రి. ఊకె పరీక్ష కోసం" అంది.

"పరీక్షకు నేనెందుకు తీస్త?" అన్నాడు వైకుంఠం. "పరీక్ష రాసేది వాళ్లు."

"మరి కాన్పు నాడు తీస్తరా?"

"ఆ రోజు నా మనసు ఎట్లుంటదో ఇయ్యాల నాకెట్ల ఎరుక?"

అతడు నిజమే చెప్పాడు. అది ఆ రోజు గల్లీలో వెలువడిన ఒకే ఒక్క నిజం.

"వాడు తియ్యడు" అంది నాగమణమ్మ, తన శత్రువు తన అంచనాను నిలబెట్టినందుకు తృప్తిగా. "తియ్యమని నేను అడగను గూడ. పందొమ్మిదేండ్ల సంది ఏం అడగలే, ఇప్పుడు అడుగుతనా?"

స్రవ్య గదిలోంచి గుమ్మం దాకా వచ్చింది. "నాకు రక్తం పోతుంటే గూడ అడగరా, అత్తమ్మా?"

నాగమణమ్మ కోడలి వైపు చూసింది, వైకుంఠం వైపు చూసింది, నవ్వు ఆపుకుంటున్న గల్లీ వైపు చూసింది. ఇన్ని చూపుల తరువాత ఆమె అంది:

"అట్ల గానే గాదు తీయ్. అంతా మంచిగనే అయితది."

ఆటో హారన్ మళ్లీ మోగింది. నుజహత్ ఫోన్‌లో సమయం చూసింది. నలభై అడుగుల దూరానికి పదిహేడు నిమిషాలు గడిచాయి; ఆటో ఒక్క అడుగు కూడా కదలలేదు. నుజహత్ ఆ ఫోన్‌ను స్రవ్య వైపు తిప్పింది. ఆమె ఎదురుచూస్తున్న జవాబు ఎవరిదో ఆదివారానికి ముందే చెప్పింది.

"అక్కా" అంది స్రవ్య. "ఇంట్ల వద్దు."

"పక్కా?"

"పక్కా. మీ సెంటర్‌కే వస్త. అక్కడ తొట్టి ఉన్నదా?"

"ఒకటే ఉన్నది. ఖాళీ ఉంటే నీది. లేకుంటే లేదు."

"ఎవరన్న ఒర్రుతరా?"

"నేనున్నప్పుడు ఒర్రరు."

"నువ్వు లేనప్పుడు?"

"లేనప్పటి సంగతి నేనెట్ల చెప్త, స్రవ్యా? పేరు రాస్త, చెప్పి పెడ్త. ఒట్టు మాత్రం ఎయ్యలేను."

మూడేళ్లలో ఈ విషయమై తనకు దొరికిన అతి గట్టి హామీ ఇదేనని స్రవ్య లెక్కవేసి, తల ఊపింది.

వైకుంఠం రెండు చేతులూ పైకెత్తి గల్లీకి విజయం ప్రకటించాడు. నాగమణమ్మ ముఖం రాజ్యం పోగొట్టుకున్న ముఖమైంది. "గిదేం పనే! వాని ముంగట మనం ఓడిపోయినట్టు గదనే!"

"మనం అని ఎవర్ని అంటున్నరు, అత్తమ్మా?"

"గంత మాటంటవా?"

"ఇంకో మాట గూడ అంట. ఆ రోజు లోపటికి మీరు రారు. ఈయన వస్తడు. మీరు బయట కుర్చీల కూసుంటరు. ఇష్టం లేకుంటే ఇంట్ల ఉండుండ్రి."

ప్రణీత్ తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. చివరికి, సమాధానం ఉన్న ప్రశ్న అదొక్కటే కనుక, "మరి గీ నీళ్లు?" అన్నాడు.

"మోరీల పారబొయ్" అంది నాగమణమ్మ. "వాని బిందెల ఒక్క చుక్క పడొద్దు."

"మా నీళ్లు మాకియ్యుండ్రి!" అని వైకుంఠం బిందె పట్టుకొని మెట్టు ఎక్కాడు. అతని వెనుక గల్లీ మొత్తం కదిలింది.

స్రవ్య గదిలోకి వెళ్లి తలుపు వేసి, గడియ పెట్టింది. తొట్టి అంచు పట్టుకొని, ముందు ఒక కాలు, తరువాత ఒక కాలు లోపల పెట్టి, చీరతోనే నెమ్మదిగా కూర్చుంది. నీళ్లు చల్లగానే ఉన్నాయి. పొట్ట చుట్టూ, ఆ తరువాత పొట్ట మీద ఎక్కాయి. లోపల బిడ్డ ఒకసారి గట్టిగా తన్ని, సర్దుకుంది. ఇన్ని నెలలుగా వీపు మోస్తున్న బరువును నీళ్లు ఎత్తుకున్నాయి. ఆమె మోకాళ్లు విడివడ్డాయి.

తలుపు దడదడలాడింది.

"నీళ్లు చల్లగున్నయ్, బయటికి రావే!" అని నాగమణమ్మ, "నల్లా పోయింది, నీళ్లియ్యమ్మా!" అని వైకుంఠం, పందొమ్మిదేళ్లలో మొదటిసారి పక్కపక్కన నిలబడి ఒకే తలుపును బాదారు. గుమ్మం బయట నుజహత్ స్టూలు లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది. "ఆమె వచ్చేదాక ఆగుండ్రి" అంటోంది.

"ఎప్పుడొస్తవ్?" అని రెండు గొంతులూ కలిసి అరిచాయి.

స్రవ్య చెవులు మునిగేదాకా కిందికి జారింది. ఆ అరుపు ఎక్కడో నాలుగు గల్లీల అవతల ఎవరో ఎవరినో పిలుస్తున్నట్లుగా అయిపోయింది. కాసేపటికి తల పైకెత్తి, ఏ తొందరా లేని గొంతుతో జవాబిచ్చింది.

"ఇంకా కాలే."